గుల్ల పూసల పలకలు

రెండు ఇళ్ళు కావాలన్నారు మణిశంకర్ గారు. రెండూ పక్కపక్కనే ఉండాలి, రెండింటికీ ఒకే రకం సిమెంటు రేకు ఉండాలి, వాకిళ్ళు ఒకే దిక్కుకి ఉండాలి. ఒక ఇంటికి రేకు కింద పలకలు బిగిస్తారు. రెండోదాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తారు. వేసవి పొడుగునా రెండిళ్ళలోనూ వేడి కొలిచి తేడా చూస్తారు.

మణిశంకర్ గారు రాజమండ్రిలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. హైమ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఇళ్ళు వెతికే పని ఆమె మీద పడింది. స్కూటీ వేసుకుని చుట్టుపక్కల కాలనీలన్నీ తిరిగి, చివరికి కడియపులంకలో నర్సరీల వెనక, కాలువ గట్టు దిగువన ఉన్న కాలనీలో కావలసినట్టే రెండు ఇళ్ళు పట్టుకుంది. ఒకటి తలుపులమ్మది, రెండోది దీనమ్మది.

పలకలు ఎవరింటికి బిగించాలన్నది హైమకే వదిలేశారాయన. ఆమెకి ఆలోచించవలసిన పని లేకపోయింది. దీనమ్మ ఇంట్లో మంచం మీద జ్ఞానప్రకాశం ఉన్నాడు.

జ్ఞానప్రకాశం తాపీ మేస్త్రి. రాజమండ్రిలో అతని చేత్తో లేచిన మేడలు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక మేడ మీద పని చేస్తుండగా పరంజా విరిగి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. ఛాతీ దిగువ నుంచి స్పర్శ లేదు. కాళ్ళు పోవడం ఒక ఎత్తు, చెమట పట్టకపోవడం ఇంకో ఎత్తు. ఒళ్ళు వేడెక్కితే ఆ వేడి బయటికి పోయే దారి లేదనీ, వేసవిలో జాగ్రత్తగా చూసుకోమనీ కాకినాడ పెద్దాసుపత్రిలో డాక్టరు దీనమ్మకి మరీమరీ చెప్పి పంపించాడు. దీనమ్మ పొద్దున్నే వంట చేసి, అతనికి తినిపించి, ఒళ్ళు తుడిచి, నర్సరీలో మొక్కలకి మట్టి కట్టే పనికి పోతుంది. తిరిగొచ్చేది పొద్దు వాలాక. ఈలోగా అతను, నెత్తిన రేకూ. అంతే.

"ఏం పలకలమ్మా ఇవి?" అని అడిగాడు మొదటిరోజు. వడ్రంగి అబ్బులు వాసాలకి బద్దలు కొడుతుంటే, మంచం మీద నుంచే తల తిప్పి ప్రతి మేకునీ చూస్తున్నాడు.

"వీటిలో సన్నటి పూసలు ఉంటాయండి. సిలికా పూసలు. లోపల గుల్ల."

"గుల్లంటే?"

హైమకి ఈ సంగతి చెప్పడమంటే ఇష్టం. వెంట్రుక మందంలో కొన్ని వందలు పక్కపక్కన పట్టేటంత చిన్న ప్లాస్టిక్ పూసలు ముందు తయారుచేస్తామని చెప్పింది. రైసు మిల్లు ఊక బూడిదలోంచి సిలికా తీసి, వాటి మీద పల్చటి పొరలా కట్టిస్తామంది. తర్వాత ఫర్నేసులో పెట్టి మెల్లమెల్లగా వేడి పెంచుకుంటూ పోతే లోపలి ప్లాస్టిక్ కాలి పొగైపోతుందని, పైనున్న పెంకు మాత్రం మిగులుతుందని చెప్పింది.

"అంటే పూర్ణం లేని బూరె," అన్నాడు జ్ఞానప్రకాశం.

హైమ పకపకా నవ్వింది. "అంతేనండి. ఆ లోపల చిక్కుకున్న గాలి వేడిని ఇవతలకి రానివ్వదు."

"లేనిదాన్ని తయారుచెయ్యడానికి ఇంత చదువు కావాలన్నమాట," అని అతను కూడా నవ్వాడు.

ఆ పలకల కోసం హైమ ఒక చలికాలమంతా ల్యాబులో గడిపింది. అమ్మోనియా వాసన చున్నీకి పట్టేసి ఎంత ఉతికినా పోయేది కాదు. గుప్పెడు పొడి రావడానికి రోజులు పట్టేది. ఫర్నేసు దగ్గర తొందర పనికిరాదు. వేడి ఒక్కసారిగా పెంచితే లోపలి పొగ తోసుకొచ్చి పెంకుని చీల్చేస్తుంది. ఆ సంగతి హైమకి తెలిసినంతగా ఆ కాలేజీలో ఇంకెవరికీ తెలియదు.

ఆ వేసవిలో పలకలు పని చేశాయి. తలుపులమ్మ ఇంట్లో గోడకి ఒకటి, దీనమ్మ ఇంట్లో గోడకి ఒకటి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాలు తగిలించింది హైమ. అవి పగలూ రాత్రీ వేడి కొలిచి దాచుకుంటాయి. వారానికోసారి వచ్చి ఆ లెక్క లాప్‌టాప్‌లోకి ఎక్కించుకునేది. మిట్టమధ్యాహ్నం తలుపులమ్మ ఇల్లు పెనంలా కాలుతుంటే దీనమ్మ ఇల్లు చెట్టు నీడలా ఉండేది. అయినా హైమకి లాప్‌టాప్ తెర మీది వేడి గీతల కన్నా దీనమ్మ చెప్పిన మాటే ఎక్కువ ఆనందం ఇచ్చింది.

"మొన్న మధ్యాన్నం క్యారేజీ మర్చిపోయి ఇంటికొచ్చానండి మేడం గారూ. గుమ్మంలోకి వచ్చేసరికి గురక! పడ్డాక మళ్ళీ ఆ గురక వినలేదండి నేను. వేసవిలో పగలు కన్నుమూసిందే లేదు ఆయన. గుమ్మంలోనే నిలబడి కాసేపు విన్నాను."

మొదట్లో హైమ తన నీళ్ళ సీసా తనే తెచ్చుకునేది. అర్చకుల ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. అమలాపురం దగ్గర పల్లెలో వాళ్ళమ్మ ఎవరింట్లో ఏం ముట్టుకోవాలో ఏం ముట్టుకోకూడదో నేర్పి పెంచింది. దీనమ్మ కూడా ఎప్పుడూ ఏమీ ఇవ్వబోలేదు. ఒకరోజు సీసా ఖాళీ అయింది. హైమ నోరు తెరిచి అడిగింది. దీనమ్మ స్టీలు గ్లాసుని రెండుసార్లు కడిగి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆ తర్వాత హైమ సీసా తెచ్చుకోవడం మానేసింది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

తలుపులమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "ఏవండీ మేడం గారూ, మా ఇంట్లో డబ్బా, వాళ్ళింట్లో చల్లదనం. ఇదెక్కడి న్యాయమండి?"

"తేడా తెలియాలంటే ఒక ఇల్లు మామూలుగా ఉండాలి కదండీ."

"తేడా నేను చెప్తాను కదండి! దానికి డబ్బా ఎందుకూ?" అని విసుక్కునేది. విసుక్కుంటూనే మధ్యాహ్నం పనులయ్యాక వచ్చి జ్ఞానప్రకాశం గది గుమ్మంలో చాప వేసుకుని నడుం వాల్చేది.

వానాకాలం వెళ్ళింది. కార్తీకం వెళ్ళింది. క్రిస్మస్‌కి దీనమ్మ హైమకి గోధుమ రంగు కాగితంలో చుట్టి ఒక రోజా మొక్క ఇచ్చింది. సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు మణిశంకర్ గారు హైమని గదిలోకి పిలిచారు.

"మన పలకల తయారీ తీసుకుంటామన్న కంపెనీ వాళ్ళు మనవైపు మొగ్గుతున్నారమ్మా. పలకలు పంపమంటున్నారు."

"కొత్తవి చెయ్యాలంటే ఫర్నేసు కాయిల్ పోయింది కదా సార్."

"కొత్తవి వాళ్ళకి అక్కర్లేదు. ఒక ఏడాది నిజమైన రేకు కింద, మన తడిగాలిలో ఉన్నవి కావాలి. లోపల పెంకులు నిలిచాయా, చెమ్మ పట్టిందా అని చూస్తారు."

హైమకి అర్థమైంది. "ఒకటి తీసిస్తే సరిపోదాండి?"

"గది కట్టి పరీక్షిస్తారట. మొత్తం కావాలన్నారు."

"ఆయన పరిస్థితి మీకు తెలుసు కదా సార్."

"తెలుసమ్మా. తెలిసే ఇప్పుడు తియ్యమంటున్నాను, ఎండలు రాకముందు. కాయిల్ బాగుచేయిస్తాను. నువ్వు కొత్తవి చేసి బిగించెయ్యి. ఇది నిలబడితే ఆ కాలనీ మొత్తానికి వెయ్యొచ్చు. నిలబడకపోతే ఆ ఒక్క ఇల్లూ ఎవరికీ గుర్తుండదు."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆ మాట హైమ నమ్మింది. నమ్మడం ఆమెకి అవసరం కూడా. కంపెనీ రాకపోతే ఆమె ఫెలోషిప్పు ఆ మార్చితో ఆగిపోతుంది.

ఫిబ్రవరిలో అబ్బులుని వెంటబెట్టుకుని వెళ్ళింది. దీనమ్మ పనికి వెళ్ళిపోయింది. ముందురోజు ఫోన్లో చెప్తే "అలాగేనండి" అంది. అబ్బులు స్టూలెక్కి స్క్రూలు విప్పుతుంటే పాత దుమ్ము జలజలా రాలింది. హైమ జ్ఞానప్రకాశం ముఖానికి తుండుగుడ్డ అడ్డంపెట్టి పట్టుకుంది.

"కొత్తవి ఎప్పుడు పెడతారమ్మా?" గుడ్డ వెనక నుంచి అడిగాడు.

"ఏప్రిల్‌కల్లా పెట్టేస్తామండి."

"తీసుకెళ్ళండి. మీ వస్తువే కదా."

నిష్ఠూరంగా అన్న మాట కాదు. పలకలు ఆటోలో సర్దేసరికి దీనమ్మ వచ్చింది. చేతులకి మట్టి అలాగే ఉంది. గుమ్మంలో నిలబడి పైకి చూసింది. రేకు అడుగు నల్లగా, వంపులు వంపులుగా కనబడుతోంది.

"ఎంత కిందికి వచ్చేసిందండి రేకు," అంది.

కాయిల్ బాగయ్యేసరికి మార్చి చివరికొచ్చింది. విడిభాగం చెన్నై నుంచి రావాలన్నారు, వచ్చింది సరిపోలేదన్నారు, మళ్ళీ పంపారు. ఆ ఏడు ఎండలు కూడా ముందే మొదలయ్యాయి. ఉగాది నాటికే వడగాడ్పులు. హైమ పగలు ల్యాబులో, సాయంత్రం ల్యాబులో. ఫర్నేసు దగ్గరికి వచ్చేసరికి ఆమెకి ఓపిక చాలలేదు. ఒక్కో విడతకి రెండు రోజులు. ఇలా అయితే మే నెల దాటిపోతుంది. వేడి పెంచే వేగం కాస్త పెంచింది. ఏమీ కాలేదు, పొడి చూడ్డానికి అదే తెలుపు, అంతే తేలిక. ఇంకాస్త పెంచింది. పెంకులు నిలిచాయో లేదో పెద్ద మైక్రోస్కోపు కింద పెడితే గాని తెలియదు. అది ఆ కాలేజీలో లేదు, విశాఖపట్నం పంపించాలి. ఫొటోలు రావడానికి వారాలు పడుతుంది. అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం ఇష్టంలేక పని సాగించింది. చూస్తుండగానే డబ్బాలు నిండాయి.

ఫొటోలు వచ్చిన రోజు మణిశంకర్ గారే ఆమెను పిలిచి చూపించారు. గుండ్రటి పూసల చోట పగిలిన పెంకులు. కోడిపిల్లలు వెళ్ళిపోయాక గంపలో మిగిలే గుడ్డు పెచ్చుల్లా. ఏ ఒక్కదానిలోనూ గాలి నిలవదు. నెల రోజుల పని ఉత్త ఇసక పొడి అయిపోయింది.

"నీకు తెలుసు కదమ్మా, ఇలా అవుతుందని," అన్నారాయన. కోప్పడలేదు.

"తెలుసండి," అంది హైమ.

మర్నాడే కడియపులంక వెళ్ళింది. రేకు మీద గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. పనికి వెళ్ళేముందు దీనమ్మ బిందెలతో నీళ్ళు మోసి వాటిని తడుపుతుంది, మధ్యాహ్నం తలుపులమ్మ తడుపుతుంది. తడిపిన కాసేపటికే అవి మళ్ళీ పెళపెళలాడతాయి. జ్ఞానప్రకాశం ఛాతీ మీద తడిగుడ్డ. ముఖం ఎర్రగా కంది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమెను చూసి నవ్వాడు గాని ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

"అవుతున్నాయా అమ్మా?"

"ఇంకో రెండు మూడు వారాలండి."

అతను తల ఊపాడు. మళ్ళీ అడగలేదు. అతను భయపడుతున్నాడని హైమకి అప్పుడు తెలిసింది. రాజమండ్రి వెళ్ళి ఒక కూలరు కొని ఆటోలో వేసి పంపింది. కరెంటు ఉన్నంతసేపూ అది తిరిగేది. కాని గోదారి గాలిలోనే బోలెడు తేమ, దానికి ఈ తేమ కూడా తోడై గది ఇడ్లీ పాత్రలా అయిందని దీనమ్మ ఫోన్లో చెప్పింది. "మీరు పంపారు కదండి, ఉంచాను. పర్లేదండి," అంది.

ఆ "పర్లేదు" విన్నాక హైమ ఫోన్ చెయ్యడం తగ్గించింది. ఈసారి తొందరపడలేదు. పెంకు పగలనంత నెమ్మదిగా ఫర్నేసులో వేడి ఎక్కించింది. దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎండ ఎంత తెల్లగా ఉందో కిటికీలోంచి చూస్తూ, ముల్లు ఎంత మెల్లగా కదులుతోందో చూస్తూ కూర్చోవడం తప్ప ఆమె చెయ్యగలిగింది లేదు. మంచం పైభాగానికి సరిపడా పలకలు తయారయ్యాయి. ఇంటి మొత్తానికి కాదు, మంచం పైకి మాత్రమే. ఈ పెంకులు నిలిచాయని ఫొటోలు కూడా వచ్చాయి.

రోహిణి కార్తె వచ్చేసింది. హైమ ఫోన్ చేస్తే దీనమ్మ ఎత్తలేదు. పనిలో ఉందేమో అనుకుని పలకలు ఆటోలో వేయించుకుని అబ్బులుతో బయల్దేరింది.

ఇంటి ముందు చిన్న షామియానా వేసి ఉంది. ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి వ్యానులోకి ఎక్కిస్తున్నారు. అబ్బులు ఆటో ఆపించి దిగలేదు. "మేడం గారండీ..." అని మాత్రం అన్నాడు.

తలుపులమ్మ ఎదురొచ్చింది. "నిన్ననేనండి చర్చి వాళ్ళొచ్చి ఆదరణ కూడిక ప్రార్థన చేశారు. క్రిందటి వారం పోయాడు. కరెంటు లేదండి ఆ రోజు. నేను గోనెలు తడపడానికి పైకెక్కి పిలిచాను, పలకలేదు. దిగొచ్చి చూస్తే ఒళ్ళు నిప్పు. నీళ్ళు పోశానండి, బిందెల కొద్దీ పోశాను. అంబులెన్సు వచ్చేసరికే..." తలుపులమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది.

దీనమ్మ లోపల మంచం మీద కూర్చుని ఉంది. పరుపు తీసేశారు, నులక మాత్రం ఉంది. హైమ గుమ్మం దాటి నిలబడింది. వచ్చేటప్పుడు దారిలో అనుకున్న మాటలేవీ ఇప్పుడు పనికిరావు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పాలనిపించలేదండి," అంది దీనమ్మ. కోపం లేదు, దుఃఖం కూడా పైకి కనబడలేదు. తలెత్తి గోడకేసి చూసింది. వేడి కొలిచే డబ్బా ఇంకా అక్కడే వేలాడుతోంది. పలకలు తీసిన రోజున దాని సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఆయన పోయిన రోజున ఇంట్లో ఎంత వేడి ఉందో అందులో ఉంటుందాండి?"

"ఉంటుందండి."

"ఎంతో నాకు చెప్పకండి."

బయట ఆటో ఇంజను ఆగింది. అబ్బులు ఏం చెయ్యాలో తెలియక పలక ఒకటి చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. హైమ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. దీనమ్మ చూసింది.

"బిగించెయ్యి అబ్బులూ," అంది.

"దీనమ్మ గారూ, ఇప్పుడు..."

"ఇప్పుడేంటండి? నేనుండేది ఈ రేకు కిందే కదా. ఎల్లుండి నుంచి పనికెళ్ళాలి. వచ్చాక పడుకోవాలి." లేచి మంచాన్ని తనే గోడవైపు జరిపి స్టూలుకి చోటిచ్చింది. "ఒక్కటేనండి. మళ్ళీ తియ్యడానికి మాత్రం రాకండి."

"రానండి," అంది హైమ.

అబ్బులు పలకలు బిగించినంతసేపూ దీనమ్మ అరుగు మీద ఎండలోనే కూర్చుంది. హైమ స్క్రూలు అందించింది. స్క్రూ బిగిసిన ప్రతిసారీ రేకు అదిరి, పైన గోనెపట్టాల దుమ్ము లేచింది. పని అయ్యాక హైమ గోడ మీది డబ్బా తీసి సంచిలో వేసుకుంది. వెళ్ళొస్తానని చెప్తే దీనమ్మ "ఆయ్" అంది, అంతే.

కంపెనీ రాలేదు. పెంకులు బాగానే నిలిచాయిగాని తయారీకి ఇంత కాలం పట్టే సరుకు తమకి గిట్టుబాటు కాదని రాశారు. దీనమ్మ ఇంట్లో బిగించిన కొత్త పలకలు వెనక్కి తెమ్మని ఎవరూ అడగలేదు. హైమ జరిగింది చెప్పినప్పుడు మణిశంకర్ గారు "నేను తియ్యమన్నాను, నువ్వు కాదు," అన్నారు. అది ఆమెకి ఏ రకంగానూ ఓదార్పు కాలేదు.

డబ్బాలో లెక్కని ఆమె ఎంతోకాలం తెరవలేదు. థీసిస్ రాసే సమయానికి తెరవక తప్పలేదు. ఒకే ఇంట్లో, పలకలున్న వేసవి ఒక గీత, పలకలు లేని వేసవి ఒక గీత. రెండో గీత ఒక మధ్యాహ్నం కొండలా లేచింది. ఆ రోజు ఏదో ఆమెకి తెలుసు. ఆ బొమ్మ తీసేస్తానంటే మణిశంకర్ గారు మెల్లగా అన్నారు, "పలకలు పనిచేస్తాయనడానికి మన దగ్గర అంతకన్నా గట్టి రుజువు ఇంకేముందమ్మా?"

వైవాకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన, మర్యాదస్తుడు. ఆ బొమ్మ తెర మీదికి రాగానే కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు.

"బాగుంది. పక్కింటితో పోల్చడం అందరూ చేస్తారు. పలకలు తీసేసి అదే ఇంట్లో మళ్ళీ ఒక వేసవంతా కొలవడం మంచి ఆలోచన. ఎవరిది?"

"ఆలోచన కాదండి," అంది హైమ. "అవసరమొచ్చి తీశాం. ఆ ఇంట్లో మనిషి ఉండేవారండి. అదిగో, ఆ గీత పైకి లేచిన రోజున పోయారు."

మణిశంకర్ గారు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఎగ్జామినర్ గారు "అయ్యో" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. కాసేపు తన ముందున్న కాగితాలు తిప్పారు. ఇంకా అడగవలసినవి ఉన్నాయి, బయట మరో అభ్యర్థి కూర్చుని ఉన్నాడు.

"పెంకు మందం ఎలా అదుపు చేశారమ్మా?" అని అడిగారు.

హైమ తర్వాతి బొమ్మ తెర మీదికి తెచ్చి, జవాబు చెప్పడం మొదలుపెట్టింది.